సంత దోవ, జాబు దోవ

నేను ఏడేండ్లు టపా మోసినాను. ఆ ఏడేండ్లల్లో ఒక్క జాబు మీద ఒక్క అక్షరం చదవలేదు. చదువు రాదు కాబట్టి. ఇప్పుడు ఈ మాట రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. పడాల్సిన సిగ్గంతా ఒక్క వారంలో పడి తీరినాను. ఆ వారం గురించే చెప్తాను.

కర్నూలు రాజధానిగా ఉండిన ఏండ్లు అవి. గుడారాల్లో సర్కారు కచేరీలు పెట్టినారని, జనానికి ఉండను ఇండ్లు చాలక అధికార్లు కూడా గుడ్డ కిందనే పండుకుంటాండారని చెప్పుకునేవాళ్లు. నేను చూడలేదు. నాకు తెలిసిందల్లా నా భుజం మీది సంచి బరువెక్కిందని. రాజధాని వచ్చినాక ఎవరెవరో ఎవరెవరికో అర్జీలు రాయడం మొదలుపెట్టినారు.

మా ఊరు కర్నూలు జిల్లాకు దక్షిణం కొస, కోయిలకుంట్ల తాలూకా. నల్లరేగడి నేల. వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండితే నెర్రెల్లో కాలిరుక్కుంటుంది. ఊరికి పక్కనే కుందేరు. ఏరు దాటితే కడప జిల్లా. మాది ఊరి బయట క్రైస్తవుల పేట. పోస్టాఫీసు మా ఊర్లో లేదు. రెండు మైళ్ల దూరంలో ఒక పెద్ద ఊరు ఉండేది. ఆ ఊరి బడి అయ్యవారే పోస్టుమాస్టరు. బడి వసారాలో ఒక కొయ్యపెట్టె, ఒక చిన్న తక్కెడ, ఒక ముద్ర. అంతే పోస్టాఫీసు. ఆడినుంచి కోయిలకుంట్లకు ఎనిమిది మైళ్లు. పొద్దున లక్క ముద్ర వేసిన సంచి తీసుకొని పోయేది, మధ్యాన్నం బస్సులో వచ్చిన ఇంకొక సంచి ఎత్తుకొని తిరిగొచ్చేది. అదీ నా పని. మా ఊరికి నెలకు రెండో మూడో జాబులొస్తే, ఫలానా ఇంటికని అయ్యవారు చదివి చెప్పేవాడు, నేను ఇంటికి పోతా పోతా ఇచ్చేవాన్ని.

నాకు కాళ్లు మంచివి. అందుకే ఆ పని ఇచ్చినారు. సంచిలో ఏమున్నాయి, అవి యాడినుంచి వస్తాండాయి, ఎట్ల వస్తాండాయి అని నేను ఒక్క దినం కూడా అడగలేదు. ఎద్దు బండిలో ఏముందని అడుగుతుందా.

మా అమ్మకు కండ్లు పోతాండె. రెండింటికీ పొర కమ్మింది. మొదట దీపం చుట్టూ పొగ మాదిరి అనింది, తర్వాత మనుషులు నీడలైనారు, తర్వాత పొద్దు పుట్టేదీ మునిగేదీ తప్ప ఏమీ తెలియకుండా పోయింది. కర్నూలు దాపున ఒక మిషన్ ఆస్పత్రి ఉండేది. ఏడాదికొకసారి దూరం నుంచి కండ్ల డాక్టరు వచ్చి, రెండు వారాలుండి ఆపరేషన్లు చేసి పోయేవాడు. ఎవరికంటే వాళ్లకు కాదు. ముందుగా పోయి కన్ను చూపించుకోవాల. పనికొచ్చే కన్నయితే పేరు రాసుకుంటారు. డాక్టరు వచ్చే తేదీ ఖాయమైనాక కార్డు రాస్తారు. ఆ కార్డు చేతిలో ఉంటేనే మంచం.

అంతకు ముందటేడు మేము కార్డు గీర్డు తెలియకుండా పోయినాము. గేటు కాడనే ఆపేసినారు. మా అమ్మ గేటు కమ్మి పట్టుకొని మధ్యాన్నం దాకా నిలబడింది. లోపలికి పోయేవాళ్ల అడుగులు వింటా నిలబడింది. ఆ వచ్చే దోవలో ఒకటే మాట అనింది, పిలవకుండా ఇంగ ఆ వాకిలి తొక్కను అని. మా అమ్మ ఒక మాట అంటే అంతే.

అందుకని ఈ ఏడు కొర్రలు కోసినాక, పేరు రాయించను ఎవరైనా పోవచ్చని అమ్మను ఒప్పించి, ముందుగానే పోయినాము. ఒక నర్సమ్మ టార్చి వేసి రెండు కండ్లూ చూసింది. ఎడమకన్ను ముదిరిపోయిందని, దానికి ఇంగ ఏమీ లేదని చెప్పింది. కుడికన్ను ఈ ఏడు చేస్తే నిలుస్తాది, వచ్చే ఏటికైతే అదీ అంతేనంది. పక్కన బల్ల కాడ గుమాస్తా పేర్లు రాసుకుంటాండాడు. పేరడిగినాడు. మా అమ్మ బాప్తిస్మం నాడు పెట్టిన పేరు చెప్పింది. ఊరడిగినాడు. చెప్పింది.

"ఏ పోస్టమ్మా?" అన్నాడు.

మా అమ్మ నిక్కి చెప్పింది. బుధవారం సంత జరిగే ఊరు చెప్పి, దాని దాపునే, ఏరు దాటితే మా ఊరు అనింది. గుమాస్తా రాసుకొని, అయితే కడప జిల్లా అని తానే అనుకొని, రాసింది పైకి చదివి నా మొగం చూసినాడు. నేను తల ఊపినాను.

ఆ తల ఊపడం నేను ఈ వయసులో కూడా మరిచిపోలేదు. ఏడేండ్లు టపా మోసిన మనిషిని. కానీ మా దిక్కు ఎవరినడిగినా ఊరు అట్లనే చెప్పేవాళ్లు. మాకు లోకమంటే సంత. వారాలు కూడా సంతను బట్టే. ఎద్దు కొన్నా, కుండ కొన్నా, పిల్లనిచ్చినా, ఎవరు చచ్చినా ఎవరు బతికినా బుధవారం సంతలోనే తెలిసేది. తాలూకా అంటే శిస్తుకు, కోర్టుకు. మనిషిని కనుక్కోవాలంటే సంత. పైగా నాకొక ధైర్యం. మా ఊరికి జాబు మోసేది ఎవరు? నేనే కదా. ఎట్లొచ్చినా నా భుజం మీదికే వస్తుందనుకున్నాను.

కార్డు రాలేదు. జొన్న కంకి పాలు పోసుకుంది, రాలేదు. క్రిస్మసు వచ్చింది, పోయింది, రాలేదు. దినామూ ఇంటికి రాగానే అమ్మ ఏమీ అడిగేది కాదు. నా అడుగు విని, టపా మోసేవాళ్లకిచ్చే గజ్జెల కర్ర నేను గోడకు ఆనించే చప్పుడు విని, ఆనక చెంబు అందించేది.

ఒక శుక్రవారం కోయిలకుంట్ల దోవలో తమలపాకుల గంప మోసుకొని పోతాండే ముసలాయన నన్ను చూసి నిలబడినాడు. మేము ఆస్పత్రికి పోయిన దినం ఆయన కూడా భార్యను తీసుకొని వచ్చినాడు, అట్ల తెలుసు.

"ఏమప్పా, మీ అమ్మకెప్పుడు రమ్మన్నారు? మాకు వచ్చే వారం కాక పైవారం సోమవారం," అన్నాడు.

మాకు కార్డే రాలేదంటిని. ఆయన రొండిలోంచి కార్డు తీసి చూపించినాడు. తిప్పి తిప్పి చూసినాను. చూసి ఏమి లాభం. పది దినాలుంది.

ఆ మధ్యాన్నం సంచి దించి అయ్యవారితో జరిగిందంతా చెప్పినాను. ఆయన అందరినీ 'రా' అనే మనిషి, బడి పిల్లలనూ, మా ఊరి రెడ్డినీ, నన్నూ. గుమాస్తాకు ఏమి చెప్పినారురా అని అడిగినాడు. చెప్పినాను. ఆయన చేతిలోని ముద్ర కింద పెట్టినాడు.

"ఏడేండ్లు ఊరందరి టపా మోసినావు. నీ ఇంటికి దోవ చెప్పలేకపోతివి కదరా," అన్నాడు.

నేను వాదించినాను. సంత ఊరు ఏరు దాటితే వస్తుంది కదా, మూడు మైళ్లు లేదు కదా, ఆడికొచ్చిన జాబు మా ఊరికి రావడానికి ఏమి రోగం అని. ఆయన కోప్పడలేదు. బడి వసారా అంతా చుట్టుకొచ్చే మాదిరి ఒక పాఠం చెప్పినాడు. సుద్దముక్క తీసుకొని గచ్చు మీద కూచున్నాడు. మొదట ఒక గీత, ఇది కుందేరు అన్నాడు. గీతకు ఈ పక్క ఒక చుక్క, మా ఊరు. ఆ పక్క ఒక చుక్క, సంత ఊరు. రెంటికీ నడుమ బెత్తెడు లేదు.

"నీ కాలికిది మూడు మైళ్లురా. జాబుకు కాళ్లు లేవు. దాన్ని తోలిన దోవలోనే అది పోవాల," అన్నాడు.

సంత ఊరి చుక్క నుంచి గీత మొదలుపెట్టి దక్షిణానికి పోయినాడు. ఎర్రగుంట్ల, ఆడ రైలు. రైలు పడమటికి తిరిగింది. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు. ఆయన కూచున్నోడు లేచి వంగి గీస్తా నడుస్తాండాడు. గుంతకల్లులో పెద్ద పట్టాల బండి దిగి చిన్న పట్టాల బండి ఎక్కాల అన్నాడు. డోన్. ఆడినుంచి తూర్పుకు, నంద్యాల. నంద్యాల నుంచి బస్సు, కోయిలకుంట్ల. కోయిలకుంట్ల నుంచి నా భుజం. గీత వసారా మూడు మూలలు తిరిగి, స్తంభం చుట్టుకొని, బడి పిల్లల పలకలు దాటుకొని వచ్చి, మొదలుపెట్టిన చుక్కకు బెత్తెడు లేని దూరంలో మా ఊరి చుక్కను తాకింది. సుద్దముక్క అరిగిపోయింది.

నేను ఆ గచ్చు మీద నిలబడి చూసినాను. మూడు జిల్లాలు, రెండు రైళ్లు, ఎన్ని చేతులు. దినామూ నా వీపు మీద ఉండేది ఆ గీత కొస. కొస మాత్రం మోస్తాంటిని. అది ఎంత పొడుగుందో నాకు తెలియదు.

ఆ సాయంత్రమే ఏరు దాటినాను. మోకాటి లోతు నీళ్లు. సంత ఊర్లో కిరాణా అంగడి మనిషే పోస్టుమాస్టరు. అంగడిలో ఒక మూల బెల్లం, ఒక మూల టపా. మా అమ్మ పేరు చెప్పగానే ఆయన తలకొట్టుకున్నాడు. కార్డు వచ్చిందంట. ఆ పేరు మనిషి ఆ ఊర్లో లేదు. మా ఊరు ఆయన బట్వాడాలో లేదు. అయినా ఆయన వెంటనే వాపసు పంపలేదు. ఆ సంతలో ఒక ఆచారం ఉండేది. మనిషి తెలియని జాబు వస్తే, సంత నడుమ ఉప్పు బండి మీదికెక్కి పేరు పెట్టి మూడుసార్లు కేక వేసేవాళ్లు. ఎవరో ఒకరు మా పక్క ఊరోళ్లేనని తీసుకుపోయేవాళ్లు. సగం జాబులు అట్లనే చేరేవి. మా అమ్మ పేరు రెండు బుధవారాలు కేక వేసినాడంట.

"మీ ఊరోళ్లు ఎంతమందో ఉండిరి. ఎవరూ పలకలేదప్పా," అన్నాడు.

ఎట్ల పలుకుతారు. నేను బుధవారం కూడా సంచి మోసుకొని కోయిలకుంట్ల పోతాను. అమ్మ కండ్లు పోయినప్పటి నుంచి సంతకు రాదు. ఇంగ ఊరోళ్లకు ఆమె పేరు తెలియదు. అరవై ఏండ్లు వాళ్ల చేన్లలో కలుపు తీసింది, వాళ్ల పిల్లలను ఎత్తుకుంది. ఊర్లో ఆమె 'ఓమే'. పేటలో ఆమె పెద్దమ్మ. ఆ బాప్తిస్మం పేరు చర్చి పుస్తకంలో ఉంది, మా నాయన నోట్లో ఉండేది, ఆయన పోయినాడు. ఉప్పు బండి మీది నుంచి ఆమె పేరు ఆరుసార్లు గాలిలో పోయింది, మా ఊరోళ్లు బెండకాయలు ఏరుకుంటా నిలబడినారు. వాళ్లను అనడానికేమీ లేదు. నేను ఉండినా, కేక సగంలో గుర్తుపట్టేవాన్నో లేదో.

కార్డు యాడుంది అని అడిగినాను. నిన్న పొద్దున్నే సంచిలో వేసి పంపిస్తినన్నాడు, ఈ బట్వాడాలో లేదని రాసి. ఇంగ అది రాసినోళ్లకే వాపసు పోతాదా, మా ఊరు వెతుక్కొని పోతాదా అంటే, జాబులు వేరుచేసే సార్టింగులో కూచున్న వాళ్ల బుద్ధిని బట్టి ఉంటాది అన్నాడు. వాపసు పోతే మా పని అయిపోయినట్లే. అది ఆస్పత్రికి చేరేసరికి డాక్టరు మూట కట్టుకొని పోతాడు.

మా అమ్మకు చెప్పినాను. కార్డు లేకపోయినా పోదాం, కాళ్లమీద పడదాం అన్నాను. వద్దనింది. గట్టిగా కూడా అనలేదు. పేలాలు చెరుగుతా, చేట ఆపకుండా, వద్దనింది.

అయ్యవారు ఒక చీటి రాసిచ్చినాడు. సంచి మా బావమరిదికి అప్పజెప్పి నేను డోన్‌కు బయల్దేరినాను. డోన్ స్టేషన్లో జాబులు వేరుచేసే గది ఉంటాదని, తప్పిన జాబు ఏ దిక్కు పోవాలన్నా ఆడనే తిరగాలని ఆయన చెప్పినాడు. కోయిలకుంట్లకు నడక, నంద్యాలకు బస్సు, నంద్యాలలో రైలు. సోమవారం పొద్దు వాలే వేళకు డోన్‌లో దిగినాను. వారం దినాలుంది.

ఆ గది ప్లాట్‌ఫారం కొసన ఉండేది. పొడుగ్గా, బండి పెట్టె మాదిరి. తలుపు కాడ నిలబడి లోపలికి చూసినాను. చూసి వచ్చిన పని మరిచిపోయినాను.

గోడ పొడుగునా కొయ్య గూళ్లు. పావురాలకు కట్టినట్లు వరస మీద వరస, నేల నుంచి మనిషి చేయెత్తితే అందేంత ఎత్తు దాకా. ప్రతి గూటి కింద ఒక కాగితం ముక్క, దాని మీద రాత. నలుగురు మనుషులు గోడకు ఎదురుగా నిలబడి, ఎడమచేతిలో జాబుల కట్ట పట్టుకొని, కుడిచేత్తో విసురుతాండారు. చూసేది జాబు వైపే, గూటి వైపు కాదు. చేతికే కండ్లున్నట్లు ప్రతి జాబూ తన గూట్లోకి పోయి పడుతాంది. చప్పుడు జొన్నలు వేయించినట్లు. అంత వేగంలో ఒక్కటి కింద పడలేదు.

వాళ్లలో పెద్దాయన, సన్నగా, అద్దాలకు దారం కట్టుకున్న సాయిబు, నన్ను చూసి గడప కాడి గీత దాటొద్దు, కలెక్టరొచ్చినా ఆడనే నిలబడాల అన్నాడు. చీటి ఇచ్చినాను. చదివి జేబులో పెట్టుకొని మళ్లీ విసరను మొదలుపెట్టినాడు. కట్ట అయ్యేదాకా నా దిక్కు చూడలేదు. నాకు కోపం రాలేదు. ఇంకొంచెం సేపు చూడనిస్తే చాలనుకున్నాను.

కట్ట అయిపోయినాక ఆయన నీళ్లు తాగి, ఏమి అట్ల చూస్తాండావన్నాడు. ఏ గూడు ఏ ఊరిదని అడిగినాను. ఆయనకు సరదా పుట్టిందేమో, చేత్తో చూపించినాడు. పైవరసలో మద్రాసు ఒక గూడు. బొంబాయి ఒక గూడు. ఢిల్లీ, దాని అవతల ఉండే మంచుకొండల ఊర్లు, అన్నీ కలిపి ఒకటే గూడు. కలకత్తా, ఇంకా అవతల అడవులు, టీ తోటలు, అంతా ఒక గూడు. దాని కింది వరసల్లో ఒక్కొక్క జిల్లా. ఇంకా కిందికి, చేతికి దగ్గరగా, ఒక్కొక్క తాలూకాకు ఒక్కొక్క గూడు. ఆలూరు ఒకటి, పత్తికొండ ఒకటి, నంద్యాల పెద్దది. కోయిలకుంట్ల ఒకటి. మా కోయిలకుంట్ల గూడూ, ఢిల్లీ గూడూ ఒకే కొలత.

నేను నవ్వినాను. ఇదేమి అన్యాయం సామీ, ఢిల్లీకి మా కోయిలకుంట్లకు ఒకటే గూడా అన్నాను.

"ఢిల్లీలో కూడా ఇట్లాంటి గోడుంటాది భాయ్. ఆడ వాళ్ల వీధి వీధికీ ఒక గూడు. నీదీ నాదీ, కర్నూలూ కడపా, మద్రాసు దాకా అంతా కలిపి ఒకటే బొక్క," అన్నాడు.

ఆ మాటకు నా తల తిరిగింది. అబద్ధం రాయడం లేదు, తలుపు చెక్క పట్టుకున్నాను. ప్రతి ఊర్లోనూ ఒక గోడ. ప్రతి గోడకూ తన ఊరే నడుమ. దగ్గరిది పెద్దగా, దూరం పోయేకొద్దీ ముద్ద ముద్దగా. మా పేట నుంచి ఒక కార్డు పోయి, ఏదో ఒక గోడలో బొంబాయి గూట్లో పడుతుంది, ఆ గూడు సంచి అవుతుంది, ఆ సంచి ఇంకొక గోడ ముందర విప్పుకొని మళ్లీ చిన్న చిన్న గూళ్లవుతుంది, అట్ల విడిపోతా విడిపోతా చివరికి ఒక తలుపు. దేశం ఇంత ఉంటుందని అంతకు ముందు కూడా విన్నాను. దాన్ని ఇట్ల అరలు చేసి గోడకు కొట్టుకోవచ్చని ఆ దినం చూసినాను.

శానా ఏండ్ల తర్వాత జాబుల మీద ఆరు అంకెలు వేయాలని చెప్పినప్పుడు మా ఊర్లో అందరూ విసుక్కున్నారు. నేను విసుక్కోలేదు. మొదటి అంకె చూస్తే ఏ దిక్కో తెలుస్తుంది. మాకు ఐదు. రెండో అంకెతో దిక్కు సన్నబడుతుంది. మూడోదానితో కర్నూలు దిక్కుదా కడప దిక్కుదా తేలిపోతుంది, మాకు ఐదొందల పద్దెనిమిది, ఏరు దాటితే ఐదొందల పదహారు. మిగిలిన మూడు అంకెలు పోస్టాఫీసుకు. అది పైనుంచి కిందికి చదివితే డోన్‌లో నేను చూసిన గోడే. ఆ గోడను ఎవరో మహానుభావుడు ఆరు అంకెల్లోకి మడిచినాడు, అంతే. నాకు తెలిసిన వస్తువును ఇంకొక తీరుగా చూసినట్లయింది.

సాయిబును మా ఊరు తెలుసా అని అడిగినాను. కొంచెం ఎకసెక్కంగానే అడిగినాను, తెలియదనుకొని. ఆయన కండ్లు మూసుకున్నాడు. ఆ పేరుతో మూడు ఊర్లుండాయి అన్నాడు. ఒకటి ఆదోని దిక్కు, ఒకటి నందికొట్కూరు దిక్కు, ఒకటి కోయిలకుంట్ల తాలూకా కుందేటి ఒడ్డున. కడప జిల్లాలో ఆ పేరు ఊరే లేదు అన్నాడు. మా దిక్కు ఎప్పుడన్నా వచ్చినారా అంటే నంద్యాల దాటి ఎరగనన్నాడు. ఆ పనిలో చేరను పరీక్ష ఉంటుందంట. వేల ఊర్ల పేర్లు, ఏది ఏ తాలూకా, ఏ బండి, ఏ సంచి, పుస్తకం చూడకుండా చెప్పాల. పెండ్లి ముందర దినం కూడా గొణుక్కుంటా ఉంటే, అల్లుడు ఎంత భక్తిపరుడో అని మామ మురిసిపోయినాడంట.

అప్పుడు మా అమ్మ కార్డు సంగతి అడిగినాను. ఆయనకు అడగకముందే తెలుసు. నిన్న గుంతకల్లు బండిలో వచ్చిందన్నాడు.

"కడప జిల్లా అని రాసినారు. ఆ జిల్లాలో లేని ఊరికి యాడ పోతాది? కొట్టేసి కోయిలకుంట్ల అని రాసినా. పొద్దున బండికి పోయింది. నువ్వు వచ్చే దోవలో నీకు ఎదురే వచ్చుంటాది."

వాపసు పంపాలనిపించలేదా అన్నాను. ఆయన నన్ను వింతగా చూసినాడు. ఊరుండాది, మనిషుంటాది, వాపసు ఎందుకు పంపాల అన్నాడు. అని ఇంకొక కట్ట చేతికి తీసుకున్నాడు. నేను దండం పెట్టినాను. ఆయన చూడలేదు. చేతులు మళ్లీ జొన్నలు వేయించను మొదలుపెట్టినాయి.

తిరిగి ఊరు చేరేసరికి బుధవారం. కార్డు నాకంటే ఒక దినం ముందే వచ్చి కూచుంది. మా బావమరిది మంగళవారం మోసుకొచ్చిన సంచిలో ఉంది. వానికి తెలియదు, దోవలో చింత కింద సంచి తలకింద పెట్టుకొని ఒక కునుకు కూడా తీసినాడంట. అయ్యవారు దాన్ని తన జేబులో పెట్టుకొని నాకోసం కాచుకున్నాడు. చేతికిచ్చే ముందు ఒక్కొక్క ముద్రా చూపించి చదివినాడు. ఇది రాసిన ఊరు. ఇది డోన్, మొదటిసారి. గుంతకల్లు. ఎర్రగుంట్ల. సంత ఊరు. మళ్లీ ఎర్రగుంట్ల. మళ్లీ గుంతకల్లు, మళ్లీ డోన్. నంద్యాల. కోయిలకుంట్ల. కార్డులో ఖాళీ అనేది లేదు. ముద్రల నడుమ నల్ల సిరా, నీలం సిరా, ఒక చోట ఎర్ర పెన్సిలు. ఇక్కడ లేదు. కోయిలకుంట్లలో చూడుము. ఒకరి మొగం ఒకరికి తెలియని మనుషులు, ఊర్లో ఎవరూ పేరు పెట్టి పిలవని ఒక కూలిమనిషిని పేరుతో వెతుక్కుంటా వచ్చినారు. నేను పుట్టి బుద్ధెరిగినాక మా పేట మనిషి కోసం అంతమంది అంత పని చేయడం చూడలేదు.

కార్డు తీసుకొని ఇంటికి పోయి అమ్మ చేతిలో పెట్టినాను. చదువు అనింది. తేదీ ఒకటి అయ్యవారు చెప్పినాడు కాబట్టి అది చెప్పినాను. మిగిలింది కూడా చదువు అనింది. కార్డు నిండా రాతే అంటివి కదా, అంతా చదువు అనింది. ఆ మర్నాటి నుంచి బడి విడిచినాక అయ్యవారి ముందర పలక పట్టుకొని కూచున్నాను. ముప్పై దాటిన మనిషిని. పిల్లలు కిటికీలోంచి నవ్వేవాళ్లు. వాళ్ల మాదిరి 'అ, ఆ' నేర్చుకోలేదు నేను. కోయిలకుంట్ల అనే మాటతో మొదలుపెట్టినాను, తర్వాత నంద్యాల, తర్వాత డోన్. సంచి పోయే దోవలోనే నాకు అక్షరాలు వచ్చినాయి.

సోమవారం ఆస్పత్రి గేటు కాడ అమ్మ తానే కార్డు చాపింది. గేటు మనిషి దాన్ని చూసి, ఇదేమి ఇన్ని ముద్రలు, ఏ దేశం పోయొచ్చిందని నవ్వి లోపలికి పంపినాడు.

ఆపరేషన్ అయినాక ఏడు దినాలు కదలకూడదు. తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి, రెండు కండ్లకూ కట్టు కట్టి, వెల్లకిల పండుకోబెట్టినారు. పెద్ద గదిలో రెండు వరసలు మంచాలు. ఆలూరు దిక్కు నుంచి ఒకామె, ఓర్వకల్లు నుంచి ఒకామె, కడప నుంచి వచ్చినోళ్లు, తమలపాకుల ముసలాయన భార్య. ప్రతి తలగడ కిందా ఒక కార్డు. ఆ కొస నుంచి ఈ కొస దాకా నేను ఒక్కొక్కటీ చూసుకుంటా పోయినాను. చదవలేను, ముద్రలు చూసినాను. ఎన్ని గోడలు, ఎన్ని గూళ్లు దాటుకొని ఇంతమంది ఒకే గదిలో పండుకున్నారో అని లెక్క వేసుకున్నాను.

అమ్మ పక్క మంచం ఆలూరామెది. మా మాటలో కన్నడం కలిపి మాట్లాడేది. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా, కట్లతోనే, ఏడు దినాలూ వాన గురించీ, కోడండ్ల గురించీ, మీ సంత ఏ దినం మా సంత ఏ దినమనీ మాట్లాడుకున్నారు. కట్టు విప్పే దినం నర్సమ్మ అమ్మను మెల్లగా లేపి కూచోబెట్టింది. గుడ్డ తీసింది. కన్ను ఎర్రగా, నీరు కారుతా ఉంది. ఏమన్నా కనపడతాందా అవ్వా అని అడిగింది. అమ్మ గోడ చూసింది. కిటికీ చూసింది. పక్క మంచం చూసి, "నువ్వేనా? ఇంత నల్లటిదానివని చెప్పనేలేదే," అనింది. ఆలూరామె కట్టుతోనే నవ్వింది.

ఆనక నా దిక్కు తిరిగింది. నాలుగేండ్లయింది ఆమె నన్ను చూసి. నేను ఏమి చేయాలో తెలియక గోడకు ఆనుకొని నిలబడినాను. కింది నుంచి పైదాకా చూసింది, నీళ్లు తుడుచుకొని మళ్లీ చూసింది.

"నువ్వు ఇంతేనా ఉండేది?" అనింది. "అడుగుల చప్పుడు విని శానా పొడుగైనావనుకుంటిరా."